ఇరవై గుర్రాలు, వెయ్యి గుర్రాలు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో, సామాన్యుడి చేతికి అందిన తొలి కారు ఏదన్న ప్రశ్నకు 1908లో అమెరికాలో ఫోర్డు కంపెనీ విడుదల చేసిన మోడల్ టి అని జవాబు రాసి, చివర మాటవరసకు "ఈనాటి సూపర్‌కార్లన్నిటికంటే నాకు ఆ కారే గొప్పదనిపిస్తుంది" అని ఒక వాక్యం చేర్చాను. ఆ ఒక్క వాక్యం మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య మరే జవాబు మీదా రాలేదు. కొందరు లెక్కలతో నిలదీశారు, కొందరు పాతకాలం మనిషినని ఎకసెక్కెం చేశారు. అందుచేత ఈ నెల శీర్షిక మొత్తం ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాను. పోలికకు ఒక సూపర్‌కారు కావాలి కాబట్టి, ఎక్కువ ఉత్తరాల్లో పేరు కనబడిన బుగాటీ వేరాన్‌ను తీసుకున్నాను. 2005 నుంచి 2015 వరకు ఫ్రాన్సులోని మోల్‌షైమ్ ఊళ్ళో తయారైన కారు అది. అంతకంటే వేగమైనవి ఆ తరవాత వచ్చిన మాట నిజమే గాని, మన చర్చకు ఇది చాలు.

ప్రశ్న: మోడల్ టి ఇంజను 20 అశ్వశక్తిది, వేరాన్ ఇంజను 1,001 అశ్వశక్తిది. శక్తి యాభై రెట్లు పెరిగినప్పుడు వేగం కనీసం ఇరవై రెట్లయినా పెరగాలి కదా? గంటకు సుమారు 70 కిలోమీటర్ల నుంచి 407 దగ్గర ఆగిపోయింది, అంటే ఆరు రెట్లు కూడా లేదు. వందేళ్ళ ప్రగతి ఇంతేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ భాగహారం సరిగానే ఉంది, కాని శక్తికీ వేగానికీ ఉన్న సంబంధం మీరనుకున్నంత సూటిగా ఉండదు. ముందు ఆ శక్తి ఎంతో ఊహకు అందేలా చెప్పుకుందాం. మన పొలాల్లో బోరుకు బిగించే 5 హెచ్.పి. మోటారు అందరూ చూసినదే. మోడల్ టి ఇంజను అలాంటి మోటార్లు నాలుగింటికి సమానం. వేరాన్ ఇంజను రెండు వందల మోటార్లకు సమానం. ఒక మోస్తరు ఊళ్ళో పొలాల్లోని బోర్లన్నీ ఒకేసారి నడిస్తే ఎంత శక్తో, అంత శక్తిని ఆ కారులో ఇద్దరు కూర్చునే సీట్ల వెనక ఇమిడ్చారు.

ఇంత శక్తీ ఎక్కడికి పోతుందంటే, గాలిని పక్కకు నెట్టడానికి పోతుంది. బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కండక్టరుతో తిట్లు తిన్న ప్రతివారికీ ఈ సంగతి అరచేతికి తెలుసు. బస్సు నెమ్మదిగా పోతున్నంతసేపూ గాలి చెయ్యి నిమిరినట్టుంటుంది, వేగం అందుకోగానే చేతిని వెనక్కి విరిచేస్తున్నట్టుంటుంది. వేగం రెట్టింపయితే గాలి తోపుడు నాలుగింతలవుతుంది. పైగా ఆ నాలుగింతల తోపుడును ఎదుర్కొంటూ అదే సమయంలో రెట్టింపు దూరం పోవాలి కాబట్టి, కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. అంటే శక్తి వేగం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది.

ఇప్పుడు మీ లెక్కను తిరగేసి చూడండి. 407ను 70తో భాగిస్తే 5.8 వస్తుంది, దాని ఘనం 195. మోడల్ టి వంటి నిటారు అద్దం, ఎత్తైన గుడ్డ టాపు, బయటికి పొడుచుకొచ్చిన దీపాలు ఉన్న బండిని 407 కిలోమీటర్ల వేగంతో తొయ్యాలంటే 20 పెట్టి 195, అంటే దాదాపు 3,900 అశ్వశక్తి కావాలి. తక్కువ వేగంలో టైర్ల రాపిడి వాటా కూడా కాస్త ఉంటుంది కాబట్టి ఇది మోటు లెక్కే అనుకోండి. అంతటి పనిని వేరాన్ 1,001తోనే చేస్తున్నదంటే, మిగిలిన ఘనతంతా నేలకు అతుక్కున్నట్టుండే దాని ఆకారానిది. మీరు అడగవలసిన ప్రశ్న "ఆరు రెట్లేనా" అని కాదు, "ఇంత తక్కువ శక్తితో ఆరు రెట్లు ఎలా వచ్చింది" అని.

ఈ ఘనసూత్రానికి బుగాటీ వాళ్ళే ఒక చక్కని రుజువు ఇచ్చారు. 2010లో వేరాన్ సూపర్ స్పోర్ట్ అని 1,200 అశ్వశక్తి రకం తెచ్చి, జర్మనీలోని ఏరా-లేసియన్ పరీక్షా మార్గం మీద గంటకు 431 కిలోమీటర్ల రికార్డు నెలకొల్పారు. అదనంగా రెండు వందల గుర్రాలను కట్టినా కలిసొచ్చింది 24 కిలోమీటర్లే. 431ని 407తో భాగించి ఘనం కట్టండి, దాదాపు 1.19 వస్తుంది; 1,200ను 1,001తో భాగించినా దాదాపు అంతే వస్తుంది. పాఠ్యపుస్తకంలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ప్రశ్న: నేను నలభై ఏళ్ళుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి. 2.9 లీటర్ల ఇంజను ముక్కుతూ మూలుగుతూ 20 హెచ్.పి. ఇచ్చిందంటే అది నాసిరకం పనితనం కాక మరేమిటి? దాన్ని గొప్పదంటారేం?
– మెకానిక్, గుంటూరు

జవాబు: మీ షెడ్డుకు రోజూ వచ్చే ఆల్టో 800 ఇంజను లీటరు కూడా ఉండదు, అయినా 48 అశ్వశక్తి దాకా ఇస్తుంది. ఆ లెక్కన మీ కోపం న్యాయమే. కాని ఇంజను శక్తి మూడు సంగతుల మీద ఆధారపడుతుందని మీకు నేను చెప్పనక్కరలేదు: నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ ఎంత గాలిని పీలుస్తుంది, పీల్చినదాన్ని ఎంత గట్టిగా నొక్కి మండిస్తుంది. మోడల్ టి తన పూర్తి శక్తిని నిమిషానికి 1,600 చుట్ల దగ్గరే ఇచ్చేసేది. వేరాన్ 6,000 చుట్ల దగ్గర ఇస్తుంది. అక్కడే దాదాపు నాలుగు రెట్ల తేడా వచ్చింది. వేరాన్‌లో పదహారు సిలిండర్లకు నాలుగేసి చొప్పున 64 వాల్వులుండగా, వాటిలోకి గాలిని బలవంతంగా కుక్కడానికి నాలుగు టర్బోచార్జర్లు ఉన్నాయి. మోడల్ టి నాలుగు సిలిండర్లూ బొడ్డంత కార్బురేటర్లోంచి తమంతట తాము పీల్చుకున్నదే గాలి.

నొక్కడం దగ్గరికొస్తే, మోడల్ టి కంప్రెషన్, అంటే పీల్చినదాన్ని ఎన్నో వంతుకు కుదిస్తుందన్న లెక్క, నాలుగు, నాలుగున్నర మధ్య ఉండేది. ఈనాటి పెట్రోలు కార్లలో అది సాధారణంగా తొమ్మిది నుంచి పదకొండు దాకా ఉంటుంది. ఎక్కువ పెట్టడం వాళ్ళకు చేతకాక కాదు. ఆనాటి పెట్రోలు అంతకంటే గట్టిగా నొక్కితే సమయానికి ముందే అంటుకుని ఇంజను టకటకలాడేది. ఆ నాకింగును తగ్గించడానికి సీసం కలిపిన పెట్రోలు అమెరికాలో అమ్మకానికి వచ్చింది 1923లో. పైగా కంప్రెషన్ తక్కువైతే హ్యాండిలు తిప్పడం తేలిక, నాసిరకం ఇంధనం పోసినా బండి మొండికెయ్యదు.

మీరు మెకానిక్ కాబట్టి మీకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. మొదటి 2,500 కార్లను మినహాయిస్తే, ఆ ఇంజనులో పంపు అనే వస్తువే లేదు. నీటి పంపు లేదు. వేడెక్కిన నీళ్ళు తేలికై పైకెక్కి రేడియేటర్లోకి పోతే, చల్లబడినవి బరువుకు కిందికి దిగి ఇంజనులోకి వచ్చేవి. ఆయిల్ పంపు లేదు. ఫ్లైవీలు తిరుగుతూ నూనెను చిమ్మేది. పెట్రోలు పంపు లేదు; ముందు సీటు కింద ఉన్న ట్యాంకులోంచి పెట్రోలు తన బరువుకు తానే కార్బురేటర్లోకి కారేది. లేని పంపు చెడిపోదు కదా. సిలిండర్లన్నీ ఒకే పోతగా పోసి, హెడ్డు మాత్రం విడిగా ఊడి వచ్చేలా చేశారు. నాలుగు పానాలున్న రైతు తన పశువుల కొట్టంలోనే హెడ్డు దింపి వాల్వులు నూరుకోగలిగేవాడు. అదే వేరాన్‌లో ఇంజనుకూ, గేరుబాక్సుకూ, నూనెలకూ, టర్బోల గాలికీ, ఏసీకీ కలిపి పది రేడియేటర్లున్నాయి. వాటిలో ఒకటి కారుతున్నదో లేదో చూడటానికి కూడా కంపెనీ శిక్షణ పొందిన మనిషే రావాలి.

ప్రశ్న: ఈ మధ్యే డ్రైవింగు నేర్చుకున్నాను. మోడల్ టిలో కూడా మూడు పెడళ్ళు ఉన్నాయని చదివాను. అయితే నేను దాన్ని నడపగలనా?
– గృహిణి, కరీంనగర్

జవాబు: మీరు కొత్తగా నేర్చుకున్నారు కాబట్టి మీకే కొంత నయం, నావంటి పాత డ్రైవర్లయితే మొదటి మలుపులోనే గోడకు గుద్దుతారు. మూడు పెడళ్ళున్న మాట నిజమే, కాని వాటిలో యాక్సిలరేటర్ లేదు. కుడివైపుది బ్రేకు, నడుమది రివర్సు, ఎడమవైపుది గేరు. ఎడమ పెడలును పూర్తిగా తొక్కిపట్టి ఉంచితే మొదటి గేరు, సగం వదిలితే న్యూట్రల్, పూర్తిగా వదిలేస్తే రెండో గేరు. అంతకుమించి గేర్లు లేవు. పెట్రోలు ఎక్కువ తక్కువలు స్టీరింగు కింద కుడివైపు ఉన్న చిన్న మీట పని. ఎడమవైపు ఇంకో మీట ఉంటుంది, అది స్పార్కు ఎప్పుడు పడాలో నిర్ణయించేది. అంటే ఈనాడు కంప్యూటరు సెకనుకు ఎన్నోసార్లు చేసే పనిని ఆనాటి డ్రైవరు వేళ్ళతో చేసేవాడు.

ఆ స్పార్కు మీట దగ్గరే అసలు ప్రమాదం పొంచి ఉండేది. బండిని స్టార్టు చెయ్యాలంటే చేతి బ్రేకు లాగి, స్పార్కు మీటను పైకి నెట్టి, పెట్రోలు మీటను కాస్త కిందికి దించి, ముందుకు నడిచొచ్చి, రేడియేటరు కింద వేలాడే తీగ రింగును లాగి చోక్ ఇచ్చి, ఎడమ చేత్తో హ్యాండిలును కింది నుంచి పైకి ఒక్క గుంజు గుంజాలి. స్పార్కు మీటను నెట్టడం మరిచిపోతే, పిస్టన్ పైకి చేరకముందే మంట అంటుకుని ఇంజను వెనక్కి తన్నేది. ఆ తన్నుకు మణికట్లు విరిగినవాళ్ళు ఎందరో. అందుకే బొటనవేలును హ్యాండిలు చుట్టూ బిగించకుండా, మిగతా నాలుగు వేళ్ళ పక్కనే పెట్టి పట్టుకోమని నేర్పేవారు. నా చిన్నతనంలో మా మేనమామ తోటలో ఆయిల్ ఇంజను ఉండేది. దాని హ్యాండిలు మీద చెయ్యి వెయ్యబోతే ఆయన నా బొటనవేలును పట్టుకుని లాగి ఇవతల పెట్టి, "ఇది కూడా నీకు కావాలనుంటే ఇలా పట్టుకో" అన్నాడు. తరవాత ఎన్నో ఏళ్ళకు మోడల్ టి గురించి చదువుతుంటే అదే జాగ్రత్త కనబడి నవ్వొచ్చింది.

చలికాలంలో ఇంకో చిక్కుండేది. క్లచ్ రేకుల మధ్య నూనె బంకలా గట్టిపడి, న్యూట్రల్‌లో ఉన్నా చక్రాలను కొద్దిగా లాగేది. ఇంజను అంటుకోగానే బండి తనకు హ్యాండిలు తిప్పిన యజమాని మీదికే మెల్లగా నడిచొచ్చేది. తెలిసినవాళ్ళు వెనక చక్రం ఒకదానికి జాకీ పెట్టి లేపి అప్పుడు స్టార్టు చేసేవారు. నిటారు ఎత్తులు ఎక్కేటప్పుడు సీటు కింద ట్యాంకు కార్బురేటరు కంటే కిందికి వచ్చి పెట్రోలు అందేది కాదు. అప్పుడు కారును తిప్పి రివర్సులో ఎక్కించడమే మార్గం. మన ఘాట్ రోడ్ల మీద ఆ దృశ్యం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. కరెంటు స్టార్టరు 1919లో గాని మోడల్ టికి రాలేదు.

వేరాన్ నడపడం దీనితో పోలిస్తే మీ ఇంట్లో ఉన్న ఆటోమేటిక్ కారు నడిపినంత తేలిక. ఏడు గేర్లు, రెండు క్లచ్‌లు, అన్నీ అదే చూసుకుంటుంది. ఒక్క పని మాత్రం మిమ్మల్ని చేతులారా చెయ్యమంటుంది. 375 కిలోమీటర్ల వేగం దాటాలనుకుంటే, కారు ఆపి, రెండో తాళంచెవి ఒకటి వేరే రంధ్రంలో పెట్టి తిప్పాలి. అప్పుడు కారు తన టైర్లూ తక్కిన భాగాలూ సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, వెనక రెక్కను లోపలికి ముడుచుకుని, నేలకు సుమారు ఏడు సెంటీమీటర్ల ఎత్తుకు దిగిపోతుంది. ఆ రెక్క ఊరికే అలంకారం కాదు. అధిక వేగంలో బ్రేకు తొక్కితే పైకి లేచి గాలికి అడ్డం నిలుస్తుంది. 400 కిలోమీటర్ల వేగం నుంచి పది సెకన్ల లోపు ఆ కారు నిలబడుతుందని లెక్క. మోడల్ టి ముందు చక్రాలకు అసలు బ్రేకులే లేవు. కాలి బ్రేకు గేరుబాక్సు లోపలి డ్రమ్మును పట్టుకునేది, చేతి బ్రేకు వెనక చక్రాలను పట్టుకునేది, మిగతాది దేవుడి దయ.

ప్రశ్న: పెద్ద ఎత్తున తయారైన తొలి కారు మోడల్ టి కాదు, ఓల్డ్స్‌మొబైల్. పత్రికలో రాసేవారు సరి చూసుకోవాలి.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, టెక్సాస్

జవాబు: మాస్టారూ, మీరు చెప్పింది నిజం. ఓల్డ్స్‌మొబైల్ స్థాపకుడు రాన్సమ్ ఓల్డ్స్ 1901 నుంచే కర్వ్‌డ్ డాష్ అనే చిన్న బండిని వేల సంఖ్యలో తయారు చేయించాడు. నేను రాసింది సామాన్యుడి చేతికి అందిన తొలి కారు అని. ఆ మాట మీద నిలబడతాను. ఎందుకో కింది జవాబులో చూడగలరు.

ప్రశ్న: వేరాన్ వంటి కారులో వేలమంది ఇంజనీర్ల మేధస్సు ఉంది. మోడల్ టిలో ఉన్నదల్లా ఇనుము, చెక్క, రబ్బరు. మీకు అదే గొప్పదెలా అయింది?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. మోడల్ టిలోని మేధస్సు కారులో కంటే దాన్ని తయారు చేసిన పద్ధతిలో ఎక్కువుంది. మనం కారును కారుతో పోల్చి ఊరుకుంటే ఆ సగం కనబడకుండా పోతుంది.

1913 వసంతంలో డెట్రాయిట్ పక్కన హైలాండ్ పార్క్ కర్మాగారంలో జరిగిన ఒక చిన్న మార్పు చూడండి. ఇంజనుకు కరెంటు ఇచ్చే మ్యాగ్నెటోను అంతవరకు ఒక్కో పనివాడు తన బల్ల దగ్గర కూర్చుని మొదటినుంచి చివరిదాకా తానే బిగించేవాడు. ఒక్కొక్కదానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఆ పనిని 29 ముక్కలు చేసి, 29 మందిని వరసగా నిలబెట్టి, ఒకడు రెండు మరలు తిప్పి పక్కవాడి వైపు జరిపేలా ఏర్పాటు చేశారు. సమయం 13 నిమిషాల 10 సెకన్లకు దిగింది. బల్ల ఎత్తు పెంచి, వంగే పని తగ్గించి, ముక్కను చేత్తో జరిపే బదులు గొలుసుతో జరిపితే చివరికి అయిదు నిమిషాలకు వచ్చింది. ఆ ఏడాదే ఇదే కిటుకును చాసిస్‌కు, అంటే కారు అడుగు చట్రం మొత్తానికీ వర్తింపజేశారు. పన్నెండున్నర గంటలు పట్టే బిగింపు మరుసటి ఏడాదికల్లా 93 నిమిషాలకు పడిపోయింది. షికాగో కబేళాల్లో వేలాడే పశువు కళేబరం ఒక కసాయి నుంచి మరో కసాయి దగ్గరికి జరుగుతూ పోవడం చూసి ఈ ఆలోచన తట్టిందంటారు. అక్కడ విడదీసే వరస, ఇక్కడ కలిపే వరస.

దీని ఫలితం ధరలో చూడాలి. 1908లో 850 డాలర్లున్న కారు, 1925కు వచ్చేసరికి రెండు సీట్ల రకం 260 డాలర్లకే దొరికింది. అదే కర్మాగారంలో 1914 జనవరిలో ప్రకటించిన రోజుకు 5 డాలర్ల లెక్కన చూసినా, ఆ 260 డాలర్లు 52 రోజుల కూలి. తాను మరలు బిగించే వస్తువును తానే కొనుక్కోగల పనివాడు అంతకుముందు మోటారు పరిశ్రమలో లేడు. 1923 ఒక్క ఏడాదిలోనే 20 లక్షలకు పైగా మోడల్ టిలు తయారయ్యాయి. 1927 మే నెలలో ఆపేసేనాటికి మొత్తం కోటీ యాభై లక్షలు. వేరాన్‌లు పదేళ్ళలో తయారైనవి 450. ఏడాదంతా రాత్రింబవళ్ళు కలిపి లెక్కేసినా, 1923 నాటి వేగంతో 450 కార్లంటే రెండు గంటల పని.

అంతా తీపి కాదు లెండి. ఆ 5 డాలర్లు దయాదాక్షిణ్యాలతో ఇచ్చినవి కావు. రోజంతా రెండే మరలు తిప్పే పని మనుషులు భరించలేక పారిపోతుంటే, 1913లో సుమారు 14,000 మందిని నిలబెట్టుకోవడానికి ఏడాదిలో 50,000కు పైగా మనుషులను చేర్చుకోవలసి వచ్చింది. జీతం పెంచింది అందుకే. ఆ పెంపులో కొంత భాగం లాభాల్లో వాటా పేరుతో ఇచ్చేవారు. దానికి అర్హులో కాదో తేల్చడానికి కంపెనీ మనుషులు ఇళ్ళకు వచ్చి, తాగుతున్నారా, డబ్బు దాచుకుంటున్నారా, ఇల్లు శుభ్రంగా ఉందా అని ఆరా తీసేవారు. మీ ఆఫీసులో కంప్యూటరు మీ మౌసు కదలికలు లెక్కపెడుతున్నదని మీరు విసుక్కుంటారేమో, ఆ వంశానికి మూలపురుషుడు అక్కడున్నాడు.

వేరాన్ తయారైన చోట గొలుసూ లేదు, వరసా లేదు. మోల్‌షైమ్‌లో ఒక చిన్న కార్ఖానాలో కొద్దిమంది నిపుణులు ఒక్కో కారు చుట్టూ చేరి వారాల తరబడి చేత్తో బిగించేవారు. విచిత్రమేమిటంటే, ఎత్తోరె బుగాటీ ఆ ఊళ్ళో తన కంపెనీ మొదలుపెట్టింది 1909లో, మోడల్ టి పుట్టిన మరుసటి ఏడాది. అప్పటికి ఆ ఊరు జర్మనీ ఏలుబడిలో ఉండేది. కాబట్టి ఇవి తాతా మనవళ్ళు కావు, ఒకే ఈడు ఇంటిపేర్లు. ఒకరు ఎందరికి అమ్మగలమా అని చూశారు, ఇంకొకరు ఎంత బాగా చెయ్యగలమా అని చూశారు. వేరాన్ ఇంజనీర్లు సాధించినది తక్కువని నేననను. 10 లక్షల యూరోలకు పైబడిన ధర పెట్టుకోగలిగితే చాలా సమస్యలు తేలికవుతాయని మాత్రం అంటాను. ధర ప్రతి ఏడూ తగ్గాలి, మన్నిక తగ్గకూడదు అన్న షరతు మీద పని చెయ్యడం అంతకంటే కష్టం.

ప్రశ్న: "ఏ రంగు కావాలన్నా ఇస్తాం, అది నలుపైతే చాలు" అని హెన్రీ ఫోర్డు అన్నది నిజమేనా?
– ఇంటర్ విద్యార్థిని, అనంతపురం

జవాబు: 1909లోనే అలా అన్నానని 1922లో వచ్చిన తన పుస్తకంలో ఆయనే చెప్పుకున్నాడు. కాని తమాషా ఏమిటంటే, తొలి ఏళ్ళలో మోడల్ టిలు ఎరుపు, బూడిద, ఆకుపచ్చ, నీలం రంగుల్లో వచ్చాయి గాని నలుపులో రాలేదు. నలుపు ఒక్కటే దొరికింది 1914 నుంచి 1925 వరకు. అది చవక, పైగా గట్టిగా నిలిచే రంగు.

ప్రశ్న: హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు మీద వేరాన్‌ను పూర్తి వేగంతో తోలితే ఎంతసేపట్లో చుట్టి రావచ్చు? పోలీసుల సంగతి పక్కన పెట్టండి.
– పాఠకుడు, సంగారెడ్డి

జవాబు: పోలీసులను పక్కన పెట్టినా పెట్రోలు ఒప్పుకోదు. రింగు రోడ్డు 158 కిలోమీటర్లు. 407 కిలోమీటర్ల వేగంతో అయితే 23 నిమిషాల్లో చుట్టి రావాలి. కాని ఆ వేగంలో వేరాన్ తన 100 లీటర్ల ట్యాంకును 12 నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. పన్నెండు నిమిషాల్లో పోయే దూరం 81 కిలోమీటర్లు. అంటే మీరు బయల్దేరిన చోటికి దాదాపు సరిగ్గా ఎదురుగా, నగరానికి అవతలి కొసన, రోడ్డు పక్కన నిలబడతారు. ఆ కారు కోసమే మిషెలిన్ వాళ్ళు ప్రత్యేకంగా చేసిన టైర్లు పూర్తి వేగంలో 15 నిమిషాలే మన్నుతాయంటారు కాబట్టి, టైర్లు పేలకముందే పెట్రోలు అయిపోవడం ఒక విధంగా భద్రతా ఏర్పాటే.

మామూలుగా నడిపితే వేరాన్ లీటరుకు నాలుగు కిలోమీటర్ల చిల్లర ఇస్తుంది. మోడల్ టి ఆ కాలంలోనే లీటరుకు సుమారు అయిదున్నర నుంచి తొమ్మిది దాకా ఇచ్చేది. పోతే, అది రింగు రోడ్డు చుట్టి రావడానికి రెండుంబావు గంటలకు పైనే పడుతుంది. 38 లీటర్ల ట్యాంకుతో ఒకసారి నింపితే ఒక చుట్టు నిశ్చింతగా పూర్తవుతుంది.

ప్రశ్న: ఆ రోజుల్లో మన నిజాము దగ్గర సూపర్‌కార్లు లేవా?
– పాఠకురాలు, సికింద్రాబాదు

జవాబు: ఆనాటి కొలతల ప్రకారం ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనబడుతుంది. ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ కోసం ప్రత్యేకంగా చేయించిన సింహాసనపు కారు అది. ఊరేగింపులకు తప్ప బయటికి తియ్యలేదు గనక చాలా తక్కువ దూరం తిరిగింది. సరిగ్గా అవే రోజుల్లో అమెరికాలో మోడల్ టి యజమానులు వెనక చక్రం లేపి దానికి బెల్టు తగిలించి, కట్టెలు కోసుకునేవారు, నీళ్ళు తోడుకునేవారు. మన ఊళ్ళలో ఆయిల్ ఇంజనుకు బెల్టు వేసి పిండిమర తిప్పినట్టే.

ప్రశ్న: ఇన్ని చెప్పారు. మీకు ఎవరైనా రెండిట్లో ఒకటి ఊరికే ఇస్తానంటే ఏది తీసుకుంటారు? అమ్ముకోవడానికి వీల్లేదు.
– విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు, నెల్లూరు

జవాబు: అమ్ముకోవడానికి వీల్లేదన్న షరతు పెట్టి నా పని తేలిక చేశారు. మా ఊరికి మెయిన్ రోడ్డు నుంచి మూడు కిలోమీటర్ల లోపలికి పోవాలి. ఆ మూడు కిలోమీటర్లలో ఏడు స్పీడు బ్రేకర్లున్నాయి, అందులో రెండింటిని ఎవరు వేశారో పంచాయతీకి కూడా తెలియదు. మామూలు ఎత్తులో వేరాన్ అడుగు భాగం నేలకు పన్నెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. మోడల్ టి పాతిక సెంటీమీటర్ల ఎత్తులో నిలబడుతుంది, ఎందుకంటే దాన్ని తయారు చేసిన నాటికి అమెరికా పల్లెల్లో బురద బాటలు తప్ప రోడ్లు లేవు. దాని అడ్డ స్ప్రింగులు ఒక చక్రం గోతిలో, ఒక చక్రం గట్టు మీద ఉన్నా చాసిస్‌ను విరగనివ్వవు. కావలసిన విడిభాగాలు ఇప్పటికీ అమెరికాలో కొత్తవి చేసి అమ్ముతున్నారు. కాబట్టి మోడల్ టినే తీసుకుంటాను, 1919 తరవాతి స్టార్టరున్న రకమైతే మరీ మంచిది. లేకపోయినా పరవాలేదు, మా మేనమామ నేర్పిన పట్టు నాకింకా గుర్తుంది.